చర్చ: స్లై స్టోన్ ‘రయట్’ నిజంగా గొప్ప ఆల్బమా, మనం మెచ్చుకుంటున్నది టేపు మసకనా?

పాతరికార్డులపిచ్చి (విజయవాడ)

ముందే చెప్పేస్తున్నాను, తిట్టదలుచుకున్నవాళ్లు కాస్త నెమ్మదిగా తిట్టండి.

2025 జూన్‌లో అమెరికన్ ఫంక్ గాయకుడు, ‘స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్’ బ్యాండ్ నాయకుడు స్లై స్టోన్ పోయాడన్న వార్త చూసినప్పుడే అనుకున్నాను, ‘దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్’ని మళ్లీ కుదురుగా కూర్చుని వినాలని. ఇన్నాళ్లకు కుదిరింది. 1971 నవంబరులో వచ్చిన ఆల్బమ్ ఇది. ఫంక్ (లయకే పెద్దపీట వేసే అమెరికా నల్లవాళ్ల సంగీతం) గురించి ఎవరు ఏ జాబితా రాసినా పై వరసలో కనిపిస్తుంది. మొన్న పాత ఎల్పీ ఒకటి దొరికితే కాస్త ఎక్కువే పోసి కొన్నాను. ఈ వారంలో మూడుసార్లు విన్నాను.

నాకు వినపడింది చెబుతాను. గొంతు తనలో తాను గొణుక్కుంటున్నట్టు ఉంది. వెనక నుంచి బుస్సుమని ఒకటే రొద. డ్రమ్స్ ఉండాల్సిన చోట ఒక పెట్టె టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. ‘స్పేస్డ్ కౌబాయ్’ అనే పాటలోనైతే మనిషి ఉన్నట్టుండి గొంతు కిందికీ పైకీ విరుస్తూ యోడలింగ్ అందుకుంటాడు. టైటిల్ పాట నిడివి ఎంతో తెలుసా? 0:00. అట్ట మీద పేరుంది, లోపల పాట లేదు.

ఇదే మనిషి రెండేళ్ల ముందు, 1969లో ‘స్టాండ్!’ చేశాడు. ఏడుగురు మనుషులు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, ఆడవాళ్లు, మగవాళ్లు అందరూ కలిసి ఒకే బ్యాండ్. ఒకరు ఎత్తుకున్న చరణాన్ని ఇంకొకరు లాక్కుని పాడతారు. ఆ ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో తెల్లవారుజామున వేదిక ఎక్కి, పడుకున్న జనాన్ని లేపి మరీ ఆడించారు. అలాంటి బ్యాండ్ నుంచి ఇదా?

మన కుర్రాడెవడైనా ఇలాంటి మిక్స్ తెచ్చి వినిపిస్తే, ‘బాగుంది నాయనా, ఇంకోసారి చేసుకురా’ అని పంపించేస్తాం. చేసింది స్లై కాబట్టి ఇది ‘లోతు’ అయిపోయింది.

నేను అడిగేది ఒక్కటే. ఈ మసక కావాలని పెట్టిందా, పని చెడి వచ్చిందా? చెడి వచ్చిందైతే మనం ఇన్నేళ్లుగా పొగుడుతున్నది దేన్ని?

ఎల్పీ ఎవరికైనా కావాలంటే చెప్పండి. కొన్న ధరకే ఇచ్చేస్తాను.


బెడ్‌రూంబీట్స్ (హైదరాబాద్)

అన్నా, మీరు ‘స్టాండ్!’ రెండో భాగం అనుకుని టికెట్ కొన్నారు, హాల్లో వేరే సినిమా వేశారని గొడవ చేస్తున్నారు.

‘ఫ్యామిలీ అఫైర్’ ఒక్కటి తీసుకోండి. స్లై గొంతు, ఆయన చెల్లెలు రోజ్ గొంతు, బిల్లీ ప్రెస్టన్ ఎలక్ట్రిక్ పియానో, బాబీ వొమాక్ గిటారు, ఒక రిథమ్ బాక్స్, అంటే మీరన్న ఆ టిక్కుటిక్కు పెట్టె. బ్యాండ్‌లో మిగతావాళ్లు ఎవరూ లేరు. 1971 డిసెంబరులో అమెరికా చార్టులో నంబర్ వన్. డ్రమ్ మెషిన్‌తో ఆ స్థానానికి వెళ్లిన మొదటి పాట అదేనని చాలామంది లెక్క. ఆల్బమ్ కూడా నంబర్ వన్‌కి వెళ్లింది. అంటే ఆ మసకని అప్పుడు కొన్నది విమర్శకులు కాదు, మామూలు జనం.

నేను రోజూ నా గదిలో చేసేది ఏమిటి? ముందు బీట్ పెట్టుకుంటా, దాని మీద బేస్, దాని మీద కీస్, నచ్చకపోతే చెరిపి మళ్లీ మొదలు. పక్కన ఎవరూ ఉండరు. ఈ పద్ధతికి తాత ఈ ఆల్బమే. షుగీ ఓటిస్ 1974లో ‘ఇన్‌స్పిరేషన్ ఇన్ఫర్మేషన్’ ఇలాగే చేశాడు, దాదాపు ఒక్కడే, రిథమ్ బాక్స్ పెట్టుకుని. ప్రిన్స్ ఈ దారినే వచ్చాడు. 2000లో డి ఏంజెలో ‘వూడూ’లో ఆ నిద్రమత్తు గొంతు, ఆ వెనక్కి వాలిన లయ ఎక్కడివనుకుంటున్నారు?

ఎల్పీ నాకివ్వండి. ఫోన్ పే చేస్తా.


గుంటూరుడ్రమ్మర్

తాత అంటున్నావు కదా తమ్ముడూ, ఆ తాత ఎవరి కూడు తీశాడో కూడా చెప్పు.

గ్రెగ్ ఎరికో అని ఒక డ్రమ్మర్ ఉండేవాడు ఆ బ్యాండ్‌లో. ‘సింగ్ ఎ సింపుల్ సాంగ్’లో ఆయన వాయించింది విను. ఆ కిక్కు డ్రమ్ము, ఆ స్నేర్ డ్రమ్ము మీద ఇప్పటికీ హిప్‌హాప్ వాళ్లు బతుకుతున్నారు. స్లై కచేరీలకు రాడు, రికార్డింగ్‌కి ఎప్పుడు పిలుస్తాడో తెలియదు, విసిగిపోయి 1971 మొదట్లో ఎరికో వెళ్లిపోయాడు. ఆ ఖాళీలోకి వచ్చింది నీ పెట్టె. దాని పేరు మేస్ట్రో రిథమ్ కింగ్. హోటల్ బార్లలో ఒంటరిగా ఆర్గాన్ వాయించుకునేవాడికి తోడుగా ఉంటుందని తయారుచేసిన సామాను. బొస్సానోవా మీట ఒకటి, రాక్ మీట ఒకటి, నొక్కితే అదే కొట్టుకుంటూ పోతుంది.

నా బాధ నాది. పదిహేనేళ్లు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించాను. ఒక ముహూర్తాల సీజన్‌లో మా ఆర్కెస్ట్రా ఓనరు కొత్త కీబోర్డు తెచ్చి, ‘స్టైల్ నొక్కితే అదే వాయించేస్తోంది, ఈసారికి నువ్వు రెస్టు తీసుకో’ అన్నాడు. ఆ ‘ఈసారి’ ఇంకా అయిపోలేదు.

కాబట్టి నేను పాతరికార్డుల గారి వైపే. అది బ్యాండ్ ఆల్బమ్ కాదు. బ్యాండ్ పోయాక ఇల్లు ఖాళీ చేసిన చప్పుడు.


బెడ్‌రూంబీట్స్

‘ఇల్లు ఖాళీ చేసిన చప్పుడు’! అన్నా, మీరు ఆల్బమ్‌ని తిట్టబోయి నేను రాయలేకపోయిన మెప్పు రాశారు.


టేపుకాలం (చెన్నై)

ముప్పై ఏళ్లు రికార్డింగ్ స్టూడియోల్లో పనిచేసి రిటైరయ్యాను. అందులో సగం టేపు రోజులే. మొదటి పోస్టులో అడిగినదానికి పని తెలిసినవాడిగా జవాబు చెబుతాను.

టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ, దాని మీద ఐరన్ ఆక్సైడ్ పూత. పట్టీ హెడ్ మీదుగా జారిన ప్రతిసారీ ఆ పూత రవ్వంత రాలుతుంది. ముందు దెబ్బతినేవి పై శబ్దాలు. సింబల్ తళుకు, గొంతులో ‘స’ ‘ష’ల పదును, గిటారు తీగ మీద గోటి చప్పుడు. పది ఇరవైసార్లు తిప్పితే చెవికి తెలియదు. నెలల తరబడి అదే టేపు మీద పాడించడం, చెరపడం, ఇంకొకరితో పాడించడం, మళ్లీ చెరపడం చేస్తే తెలుస్తుంది. చోటు చాలక రెండు మూడు ట్రాకులను ఒకదాంట్లోకి దించితే రొద కూడా అంతకంతా పెరుగుతుంది. స్లై అప్పట్లో లాస్ ఏంజెలెస్ బెల్ ఎయిర్‌లో, ‘మామాస్ అండ్ ద పాపాస్’ జాన్ ఫిలిప్స్ బంగళా అద్దెకు తీసుకుని అక్కడే చాలా పని చేశాడు. రాత్రీ పగలూ తేడా లేదు. వచ్చినవాళ్లందరి చేతా వాయించేవాడు, పాడించేవాడు, సగం చెరిపేసేవాడు. అలాంటి టేపు అలా ఉండక ఇంకెలా ఉంటుంది? కాబట్టి ఆ రొద మొదట ప్రమాదమే. అందులో మిస్టరీ ఏమీ లేదు.

అయితే ఇక్కడితో ఆగకండి. ఇంకోసారి వినేటప్పుడు కింద వినండి. బేస్ మసకగా ఉందా? లేదు. నల్లగా, గుండ్రంగా, చెవి పక్కనే ఉంది. గొంతు గొణుగుతున్నా మైకుకి ఆనించి పాడిన గొంతు, ఊపిరి కూడా వినపడుతుంది. పైది పోయింది, కిందది మిగిలింది. మిగిలినదాన్ని బట్టి మిక్స్ కట్టారు. పైన తళుకు పోయిందని తెలిసిన మనిషి అక్కడ తళుకు పులమలేదు. అదీ నేను చూసేది.

పాయసం అడుగంటిందనుకోండి. అడుగంటడం పొరపాటే. కానీ ఆ వాసన చూసి, పారబొయ్యకుండా, దానికి తగ్గట్టు ఇంకాస్త బెల్లం వేసి వడ్డించిన చెయ్యి ఉంది చూశారూ, అది పొరపాటు కాదు. మా నాన్నగారు అడుగంటిన పాలకోసం గిన్నె గీకేవారు.


పాతరికార్డులపిచ్చి

టేపుకాలం గారూ, ఇన్నాళ్లకు ఒకరు సూటిగా జవాబిచ్చారు. థాంక్సండి. మీ మాట విని బేస్ వెతుక్కుంటూ నాలుగోసారి పెట్టాను. బేస్ విషయంలో తప్పు నాదే. మా స్పీకర్లలో ట్రెబుల్ పెంచి వింటున్నాను, ఉన్న రొదని నేనే ఇంకా పెంచుకున్నాను.

కానీ పాయసం మాట నేను ఒప్పుకోను. అడుగంటిన పాయసం ఇష్టపడే నాన్నగారు ఒక్కరుంటే సరే. ఊరంతా కూడి ‘అసలు పాయసమంటే అడుగంటిందే’ అంటేనే నాకు అనుమానం. ఇంకొకటి, అప్పటికి కంపెనీ వాళ్లు రెండేళ్లుగా కొత్త ఆల్బమ్ కోసం కాచుకుని ఉన్నారు. ఏమీ రాకపోతే 1970లో పాత పాటలన్నీ పోగేసి ‘గ్రేటెస్ట్ హిట్స్’ వేసుకున్నారు. అలాంటప్పుడు ఏది చేతికిస్తే అది అచ్చేస్తారు. ‘పారబొయ్యకుండా వడ్డించాడు’ అంటే, పారబొయ్యడానికి టైమ్ లేక వడ్డించాడేమో!


వీణటీచర్ (రాజమండ్రి)

నాకు ఫంక్ సంగతి పెద్దగా తెలియదు. మా అబ్బాయి ఈ లింకు పంపి ‘అమ్మా, నువ్వు విని చెప్పు’ అన్నాడు. విన్నాను. రెండు మాటలు.

మొదటిది రిథమ్ బాక్స్ గురించి. మా ఇంట్లో శ్రుతి బాక్సూ ఉంది, తాళం వేసే ఎలక్ట్రానిక్ పెట్టే ఉంది. పిల్లలకు సాధన చేయించేటప్పుడు పెడతాను. ఆ పెట్టె తప్పు చెయ్యదు, అందుకే దానితో పాడితే పిల్లల పాట కూడా పెట్టెలాగే తయారవుతుంది. ఈయన పాటల్లో అలా కాలేదు. పెట్టె కొట్టే ‘ఒకటి’ పాటలోని ‘ఒకటి’ మీద పడుతున్నట్టు నాకు చాలాచోట్ల అనిపించలేదు. మన దగ్గర గ్రహాలు అంటాం. పాట తాళంతో పాటే ఎత్తుకుంటే సమం. తాళం ముందు మొదలై పాట తరవాత ఎత్తుకుంటే అనాగతం. పాటే ముందు వస్తే అతీతం. పెట్టెని సమంలో పెట్టుకుంటే అది యజమాని. ఎడుపు (పాట ఎత్తుకునే చోటు) మార్చి పెట్టుకుంటే అది పక్కవాద్యం. ఈయన దాన్ని పక్కవాద్యంలా కూర్చోబెట్టాడు.

రెండోది చివరి పాట, ‘థాంక్యూ ఫర్ టాకిన్ టు మీ ఆఫ్రికా’. ఇది వీళ్లదే పాత పాట, 1970లో నంబర్ వన్ అయిన ‘థాంక్యూ’కి ఇంకో రూపమని మా వాడు చెబితే రెండూ పక్కపక్కన పెట్టి విన్నాను. మొదటిది మధ్యమ కాలంలో గంతులేస్తుంది. రెండోది చౌకంలో, అంటే నెమ్మది కాలంలో, ఏడు నిమిషాలు. సాహిత్యం అదే, నడక మారిపోయింది. మొదట విన్నప్పుడు జాతరలో పాడినట్టు ఉన్న మాటలే, ఇక్కడ జాతర అయిపోయాక చెప్పులు వెతుక్కుంటూ పాడినట్టు ఉన్నాయి.

టేపు అరిగితే పై శబ్దం పోతుందన్నారు, ఒప్పుకుంటాను. కానీ టేపు అరిగితే కాలం మారదు కదండీ? తన హిట్టు పాటని తనే చౌకంలో మళ్లీ పాడటం ఎవరికీ పొరపాటున జరగదు.


పాతరికార్డులపిచ్చి

టీచర్ గారూ, ఆ చివరి వాక్యానికి నా దగ్గర జవాబు లేదు. రేపటిదాకా టైమివ్వండి.


గుంటూరుడ్రమ్మర్

టీచరమ్మ చెప్పింది నిజమేనని సాక్ష్యం నేనే ఇస్తాను, బాధగానే ఇస్తున్నాను. ఆ పెట్టె గురించి ఎరికో స్వయంగా దాదాపు ఇదే అన్నాడు. బార్లో వాయించేవాడి సామానుని స్లై తిరగేసి, అది కొట్టాల్సిన చోట కాకుండా ఇంకోచోట కొట్టించాడని. తన కుర్చీలో కూర్చున్న పెట్టె గురించి ఆ మాట అనడానికి పెద్ద మనసు ఉండాలి. నాకు లేదు.


వలేహోపక్కనే (కాలిఫోర్నియా)

సంగీతం సంగతి పెద్దలు చెబుతున్నారు. నేను ఊరి సంగతి చెబుతాను, ఎందుకంటే స్లై పెరిగిన వలేహోకి అరగంట దూరంలో ఉంటాను. నేవీ ఓడల రేవు ఉన్న ఊరు. పనికోసం దక్షిణాది నుంచి వచ్చిన నల్లవాళ్ల కుటుంబాలు ఎన్నో. వీళ్లదీ టెక్సస్. అసలు పేరు సిల్వెస్టర్ స్టువర్ట్. 1952లో ఇంట్లో పిల్లల్లో నలుగురు ‘స్టువర్ట్ ఫోర్’ పేరుతో చర్చి పాటల రికార్డు ఒకటి చేశారు. అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్లు. తర్వాత సాన్ ఫ్రాన్సిస్కోలో కె.ఎస్.ఓ.ఎల్. అనే నల్లవాళ్ల రేడియో స్టేషన్‌లో డీజే. అక్కడ సోల్ పాటల మధ్యలో బీటిల్స్‌ని కూడా వేసేవాడు. అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టాలన్న పిచ్చి బ్యాండ్‌కి ముందే ఉంది.

ఆ చాప చిరిగిన కథే ‘రయట్’. 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారు. బ్యాండ్‌లో తెల్లవాళ్లు ఎందుకని, నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్స్ నుంచి ఒత్తిడి వచ్చిందని అప్పటి సంగతులు రాసినవాళ్లు చాలామంది రాశారు. 1970 జులై 27న చికాగో గ్రాంట్ పార్క్‌లో ఉచిత కచేరీ పెడితే, వీళ్లు వేదిక ఎక్కకముందే గొడవ మొదలై పోలీసులూ జనమూ కొట్టుకున్నారు. నింద బ్యాండ్ మీద పడింది. 1971 మేలో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ అని అడిగాడు, అంటే ఏం జరుగుతోందని. నవంబరులో ‘అల్లర్లు జరుగుతున్నాయి’ అనే ఈ ఆల్బమ్ పేరే దానికి జవాబు అంటారు.

0:00 పాట గురించి వెక్కిరించారు కాబట్టి చెబుతున్నాను. ఆ సున్నా చికాగో గొడవ గురించేనని ఏళ్ల తరబడి అందరూ అనుకున్నారు. తర్వాత ఎప్పుడో అడిగితే స్లై చెప్పిందేమిటంటే, అల్లర్లు అనేవే ఉండకూడదని నా ఉద్దేశం, అందుకే సున్నా అని. అట్ట మీద జెండా చూశారా? నీలం తీసేసి నలుపు పెట్టాడు, నక్షత్రాల చోట సూర్యుళ్లు పెట్టాడు. ఎరుపు అందరిలోనూ ఉండే రక్తమన్నాడు. పని చెడి వచ్చిన అట్ట కాదు అది. ప్రత్యేకంగా జెండాలు కుట్టించి ఫోటో తీయించారు.


నేనొప్పుకోను

అందరూ ఒక సంగతి చుట్టూ తిరిగి వెళ్లిపోతున్నారు. నేను చెబుతాను.

ఆ ఆల్బమ్ అలా వినిపించడానికి పెద్ద కారణం కొకైన్, ఏంజెల్ డస్ట్ అనే మత్తుమందులు. 1970లో ఒప్పుకున్న 80 కచేరీల్లో 26 ఎగ్గొట్టాడని లెక్క. టికెట్ కొని వచ్చినవాళ్లు, జీతం కోసం చూసిన బ్యాండ్ వాళ్లు ఏమైపోయారు? 1972లో బేస్ వాయించే లారీ గ్రాహం కూడా వెళ్లిపోయాడు. ఇవన్నీ పక్కనపెట్టి ‘ఆహా, ఆ నిద్రమత్తు గొంతు’ అంటారు. మత్తు లేకపోతే ఆ కళ లేదన్నట్టు మాట్లాడతారు. ఆ తర్వాత నలభై ఏళ్లు మనిషి ఏమయ్యాడో కూడా చూడండి. 2011లో లాస్ ఏంజెలెస్‌లో ఒక వ్యానులో బతుకుతున్నాడని పేపర్లలో వచ్చింది. మత్తు అంత గొప్ప కళ ఇచ్చేదైతే ఆ నలభై ఏళ్లలో ఎన్ని ‘రయట్’లు రావాలి?

మా అన్నయ్య తాగేవాడు. అందుకని నాకు ఈ రొమాన్సు ఎక్కదు. మనిషి కూలిపోతుంటే పక్కన నిలబడి ‘లయ భలే వెనక్కి వాలింది’ అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

ఇంత తిట్టాక ఇంకో మాట కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నా. ‘ఫ్యామిలీ అఫైర్’ మాత్రం నేను వింటాను. అందులో ఒక తల్లికి ఇద్దరు పిల్లలు. ఒకడు బుద్ధిగా చదువుకునేవాడు, ఇంకొకడు చూస్తే ఒళ్లు మండేవాడు. తల్లికి ఇద్దరూ కావాలి. ఆ మాట స్లై ఏ ఎమోషనూ లేకుండా, గోడతో చెప్పినట్టు చెబుతాడు. మా ఇంట్లోనూ అమ్మ అలాగే చెప్పేది, ఏడవకుండా. గొంతెత్తి, తళుకులు పెట్టి పాడి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.


బెడ్‌రూంబీట్స్

అక్కా, మత్తు వల్ల గొప్పదైందని నేను అనలేదు. కానీ మీది చదివాక నా మొదటి పోస్టు మళ్లీ చూసుకున్నా. ‘నిద్రమత్తు గొంతు’ అని నేనే రాశాను. సారీ.

ఒక్క విషయం మాత్రం చెప్పాలి. ఆ రిథమ్ బాక్స్ పని బెల్ ఎయిర్ మత్తులో మొదలైంది కాదు. 1970లోనే స్లై తన చిన్న చెల్లెలు వెట్ ఉన్న ‘లిటిల్ సిస్టర్’ అనే గ్రూపుకి, ‘స్టోన్ ఫ్లవర్’ అనే తన సొంత లేబుల్ మీద పాటలు చేశాడు. ‘సమ్‌బడీస్ వాచింగ్ యూ’ వినండి. అది ‘స్టాండ్!’లోని పాటే. అదే పెట్టె, అదే పొదుపు, అక్కడ రొద కూడా అంత లేదు. అంటే ఏం కావాలో ఆయనకు ముందే తెలుసు. ‘రయట్’లో దాన్ని ఇంకా లోపలికి తీసుకెళ్లాడు.


టేపుకాలం

ఇది మంచి ఆధారం బాబూ. నా పాయసం కన్నా బలమైంది.


గుంటూరుడ్రమ్మర్

నిన్న రాత్రి ఒక పని చేశాను. ప్రాక్టీస్ ప్యాడ్ తీసి ‘ఫ్యామిలీ అఫైర్’తో పాటు వాయించబోయాను. గంటన్నర. స్నేర్ ఎక్కడ కొట్టినా పాట ‘ఇక్కడ వద్దు’ అంటోంది. పెట్టె గట్టిగా నిలబడింది, పియానో కాస్త వెనక్కి జారుతోంది, వొమాక్ గిటారు ఆ రెండింటి సందులో దూరి మాట్లాడుతోంది. నాకు చోటు లేదు. మొదట కోపం వచ్చింది. తర్వాత, నిజం చెప్పొద్దూ, మజా వచ్చింది.

ఆపైన ఇదే స్లై 1973లో చేసిన ‘ఫ్రెష్’ పెట్టాను. మొదటి పాట ‘ఇన్ టైమ్’. అందులోనూ పెట్టె ఉంది. కానీ ఈసారి ఆండీ న్యూమార్క్ అనే డ్రమ్మర్ దానికి ఎదురు కూర్చుని వాయిస్తాడు. హై హ్యాట్ (డ్రమ్స్‌లో ఉండే జంట తాళాలు) దానితో జవాబులాడుతుంది, పెట్టె వదిలిన సందుల్లోనే ఈయన దెబ్బలు పడతాయి. అంటే పెట్టె వచ్చాక కూడా డ్రమ్మర్‌కి పనుంది, కాకపోతే పని మారింది. ఈ ముక్క మా ఆర్కెస్ట్రా ఓనరుకి వినిపించాలని ఉంది. ఆయన నంబరు తీసేశాను.

లారీ గ్రాహం సంగతి కూడా ఈ వరసలోనే. అమ్మ పియానో వాయిస్తుంటే కొడుకు బేస్ వాయించేవాడు. డ్రమ్మర్ లేకపోయేసరికి బొటనవేలితో తీగ మీద కొట్టి కిక్కు చప్పుడు, వేలితో లాగి స్నేర్ చప్పుడు పుట్టించాడు. స్లాప్ బేస్ అనేది పుట్టిందే డ్రమ్మర్ లేని చోట. మేము లేకపోతేనే ఇన్ని పుట్టాయా అని ఒక దణ్ణం పెట్టుకున్నాను.


బెడ్‌రూంబీట్స్

డ్రమ్మరన్నా, హైదరాబాద్ వస్తే నా గదికి రండి. పెట్టె నేను పెడతా, ఎదురు మీరు కూర్చోండి.


గుంటూరుడ్రమ్మర్

బస్ చార్జీ ఎవరిస్తారు?


మోడరేటర్

చార్జీల బేరం ప్రైవేట్ మెసేజీల్లో చూసుకోగలరు.


పాతరికార్డులపిచ్చి

టీచర్ గారు అడిగినదానికి నిన్న జవాబిస్తానన్నాను. ఇప్పటికి అయిదోసారి విన్నాను, ఈసారి ట్రెబుల్ తగ్గించి.

చివరి పాట విషయంలో ఓడిపోయాను. అది కావాలనే చేసింది. రిథమ్ బాక్స్ విషయంలో ‘లిటిల్ సిస్టర్’ పాట విన్నాక అది కూడా ఒప్పుకుంటున్నాను. ‘రన్నింగ్ అవే’ నాకు ముందు నుంచీ ఇష్టమే, మొదటి పోస్టులో కావాలనే దాచాను. పాట నవ్వుతూ నడుస్తుంటే మాటలు పారిపోయేవాడిని వెక్కిరిస్తుంటాయి. ‘అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టే మెచ్చుకుంటున్నారు’ అన్నట్టు రాశాను, అది వెనక్కి తీసుకుంటున్నాను.

వదలనివి కూడా ఉన్నాయి. ‘టైమ్’లో గొంతు ఇంకా నాకు అతుక్కోలేదు. ‘స్పేస్డ్ కౌబాయ్’ యోడలింగ్‌ని ఏ రాజకీయ చరిత్రా, ఏ టేపు శాస్త్రమూ కాపాడలేవు. ‘నేనొప్పుకోను’ గారు అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా కాదనను. ఈ ఆల్బమ్ బాగుందనుకోవడానికి ఆ మనిషి పాడైపోవడం బాగుందనుకోనక్కర్లేదు.


నేనొప్పుకోను

దీనికి మాత్రం ఒప్పుకుంటాను.


వీణటీచర్

యోడలింగ్ నాకు నవ్వొచ్చింది. మా క్లాసులో పిల్లలు గమకం రాకపోతే అచ్చం అలాగే అరుస్తారు.

నాదొక సందేహం. ఆ సున్నా నిమిషాల పాటని ఎలా వినాలి? మా అబ్బాయి ఫోన్లో నాలుగు సెకన్లు చూపించి, ఏమీ వినిపించకుండానే తర్వాతి పాటకి వెళ్లిపోతోంది.


టేపుకాలం

ఫోన్లో వినకూడదమ్మా. సీడీలు వచ్చాక ఏదో ఒక అంకె ఉండాలి కాబట్టి ఆ నాలుగు సెకన్లు పెట్టారు. ఎల్పీలో అది మొదటి వైపు చిట్టచివర రాసి ఉంటుంది. ‘ఆఫ్రికా టాక్స్ టు యూ’ దాదాపు తొమ్మిది నిమిషాలు సాగి సాగి సన్నగిల్లిపోతుంది. తర్వాత ఇక గాడిలో పాట లేదు. సూది మధ్యలోకి జారిపోయి టక్కు, టక్కు అని కొట్టుకుంటూ ఉంటుంది. మీరు లేచి వెళ్లి, సూది ఎత్తి, రికార్డు తిప్పి పెట్టాలి. అది చేసేదాకా గదిలో ఉన్న చప్పుడే ఆ పాట అని నేను అనుకుంటాను. ఇది నా ఊహే, స్లై చెప్పింది కాదు.


బెడ్‌రూంబీట్స్

పాతరికార్డుల అన్నా, ఎల్పీకి డబ్బులు ఇప్పుడే పంపేస్తున్నా. నంబరు ఇవ్వండి.


పాతరికార్డులపిచ్చి

ఆగు తమ్ముడూ. మొదటి వైపు ఇప్పుడే అయిపోయింది. టక్కుటక్కుమంటోంది, లేచి తిప్పి వస్తాను. అమ్మకం మాట తర్వాత.